ఊరనిచ్చే కాలం

(ఒడిశాలోని రాయగడలో తెలుగు కుటుంబాల శీతాకాల సమావేశంలో ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పెద్దలకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, వెనక వరుసలో పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లులకు నమస్కారం. ధనుర్మాసం వచ్చి పది రోజులైంది. పొద్దున ఏడున్నర దాకా నాగావళి మీద మంచు విడవడం లేదు. ఆదివారం మధ్యాహ్నం, భోంచేసి కాస్త నడుం వాల్చే వేళ, ఇల్లు వదిలి ఇక్కడికి వచ్చారు. మీరు వదిలి వచ్చిన ఆ ఇంటి గురించే, చలికాలంలో ఆ ఇంట్లో తీసుకోవలసిన విశ్రాంతి గురించే నేను మాట్లాడబోతున్నాను.

ఇందాక నన్ను పరిచయం చేస్తూ ‘విశ్రాంత ఉపాధ్యాయురాలు’ అన్నారు. ముప్ఫై నాలుగేళ్లు లెక్కలు చెప్పి బడి మెట్లు దిగిన రోజున ఆ మాట నా పేరు ముందు చేరింది. ఒడియాలో దీన్నే ‘అవసరప్రాప్త’ అని రాస్తారు. మా కాగితాల మీద రెండూ ఉన్నాయి. మనం రెండు భాషల మధ్య బతికేవాళ్లం కాబట్టి ఇది మనకే తట్టే సంగతి. ఒడియాలో అవసరం అంటే తీరిక. తెలుగులో అవసరం అంటే లేనిదే గడవనిది. ఒకే మాట, అక్కడ తీరిక అయింది, ఇక్కడ అక్కర అయింది. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తీరిక అన్నదే మనిషికి అక్కర అని రెండు భాషలూ కలిసి చెప్పినట్టనిపించింది. అనిపించింది కానీ, నేను వినలేదు. వినకపోతే ఏమైందో తర్వాత చెబుతాను.

ముందు కొన్ని అంకెలు. మన రాయగడ భూమధ్యరేఖకు ఉత్తరాన 19 డిగ్రీల మీద ఉంది. డిసెంబరు 21, 22 తేదీల్లో ఇక్కడ పగలు 11 గంటలకు ఒకటి రెండు నిమిషాలు తక్కువ. జూన్ మూడో వారంలో 13 గంటల 15 నిమిషాలు దాటుతుంది. అంటే ఎండాకాలపు పగటితో పోలిస్తే ఇప్పుడు మనకు రెండుంపావు గంటల వెలుగు తక్కువ. వెలుగు తగ్గింది కదా అని మనం పని తగ్గించుకున్నామా? లేదు. దీపం వేసుకుని అంత పనీ చేస్తున్నాం.

పగలు అన్నిటికంటే చిన్నదైన రోజే పొద్దు అన్నిటికంటే ఆలస్యంగా పొడుస్తుందని చాలామంది అనుకుంటారు. పరీక్షల్లో మా పిల్లలూ అలాగే రాసేవారు. అలా కాదు. మన ప్రాంతంలో సాయంత్రం అన్నిటికంటే తొందరగా పొద్దు గూకేది నవంబరు మూడు, నాలుగు వారాల్లో. తెల్లవారడం అన్నిటికంటే ఆలస్యమయ్యేది జనవరి మధ్యలో, సంక్రాంతి రోజుల్లో. భూమి ఇరుసు ఒరిగి ఉండడం, సూర్యుడి చుట్టూ అది తిరిగే దారి పూర్తి గుండ్రం కాకపోవడం, ఈ రెండింటివల్ల అసలు మధ్యాహ్నమే గడియారంలో రోజూ కొద్దికొద్దిగా జరుగుతుంది. అందుకే భోగినాటి తెల్లవారుజాము అంత చిక్కగా ఉంటుంది. మన తాతముత్తాతలు గడియారం చూడకపోయినా, మంట వేయవలసిన చీకటి ఏదో వారికి బాగా తెలుసు.

ఇంకొక్క అంకె చెప్పి ముందుకు వెళ్తాను. దేశం మొత్తానికి గడియారం పెట్టే 82½ డిగ్రీల రేఖ మన పక్కనే, కోరాపుట్ జిల్లా మీదుగా పోతుంది. గడియారం చెప్పే మధ్యాహ్నమూ, ఆకాశం చెప్పే మధ్యాహ్నమూ ఇంత దగ్గరగా ఉండే చోటు దేశంలో కొద్దిగానే ఉంది. అస్సాంలో పొద్దు మనకంటే ఎంతో ముందు వాలిపోతుంది, గుజరాత్ కొసన చాలా ఆలస్యంగా వాలుతుంది. ఇద్దరి చేతికీ ఒకటే గడియారం. మనకు ఆ ఇబ్బంది లేదు. సూర్యుణ్ని చూసి లేవడం, సూర్యుణ్ని చూసి పని కట్టిపెట్టడం మనకు సులువు. అంత సులువైన చోట ఉండి కూడా నేను ఆ పని చేయలేదు.

ఉద్యోగం అయిపోయాక వచ్చిన మొదటి చలికాలం. పదో తరగతి పిల్లలకు పొద్దున అయిదున్నరకు ఒక జట్టు, సాయంత్రం ఇంకో జట్టు. మధ్యలో వీధి గుడి పనులు, చుట్టాల పెళ్లిళ్లు. ఇంట్లో కూర్చుంటే ఏదో తప్పు చేస్తున్నట్టు ఉండేది. కార్తికం చివర దగ్గు పట్టుకుంది. దగ్గుతూనే పాఠం చెప్పాను. చివరికి ఊపిరితిత్తుల్లోకి నిమ్ము దిగింది. మూడు వారాలు గడప దాటవద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు.

మొదటి వారం జ్వరంలో గడిచింది. రెండో వారం కళ్లు తెరిచి నా ఇంటిని చూశాను. ఆ ఇంట్లో అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లుగా ఉంటున్నాను. పనిరోజున, పగటిపూట, ఏ తొందరా లేకుండా ఆ గదిలో కూర్చున్నది అదే మొదలు. మంచం పక్కన దక్షిణం వైపు కిటికీ ఉంది. ఎండాకాలంలో ఆ కిటికీలోంచి ఎండ రాదు. అందుకని అది చీకటి కిటికీ అనే నా లెక్క. డిసెంబరులో ఆ కిటికీలోంచి ఎండ లోపలికి వచ్చి, గచ్చు దాటి, బియ్యం డ్రమ్ము కాళ్ల దాకా పాకింది. పట్టపగలు పన్నెండింటికి! పిల్లలకు ఎన్నిసార్లో బోర్డు మీద గీసి చూపించిన బొమ్మే అది. జూన్‌లో మన సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం కూడా దక్షిణాన 47 డిగ్రీల ఎత్తు దాటడు. కిటికీ పైఅంచు నేల నుంచి ఆరడుగులుంటే ఎండ అయిదున్నర అడుగులు లోపలికి రావాలి. కొలిచాను. వచ్చింది. బోర్డు మీది బొమ్మ నా ఇంట్లోనే ఉందని ఆ రోజే తెలిసింది.

మావారిని సుద్దముక్క అడిగి, రోజూ మధ్యాహ్నం ఎండ అంచు ఎక్కడ ఆగితే అక్కడ గచ్చు మీద ఒక గీత గీశాను. ముందు గీతలు కాస్త ఎడంగా పడ్డాయి. డిసెంబరు మూడో వారం వచ్చేసరికి గీత మీదే గీత పడింది. దాదాపు పది రోజులు ఆ ఎండ సుద్దగీత మందం కూడా కదలలేదు. దక్షిణాయనం కొసకు వచ్చి, మళ్లీ ఉత్తరానికి మళ్లేముందు, సూర్యుడు ఆగినట్టే కనిపిస్తాడు. ఆ పది రోజులూ నాకు ఎవరూ ఏమీ బోధించలేదు. ఎండలో కాళ్లు పెట్టుకుని ఆ గీత వైపు చూస్తూ కూర్చున్నాను. మూడో వారం చివర మా చెల్లెలు ఫోనులో నా గొంతు విని, ‘అక్కా, నీ గొంతు మారింది, చిన్నప్పటి గొంతులా ఉంది’ అంది.

అప్పటి నుంచి చలికాలం వచ్చిందంటే నేను పని తగ్గించుకుంటాను. ఎందుకని అడిగేవారికి మా పెరటి బావి కథ చెబుతాను. ‘తోడిన కొద్దీ నీరు ఊరుతుంది’ అని మనం తరచుగా అంటాం. పని చేసేవాడికి పని వస్తుందనే అర్థంలో అంటాం. నిజమే. అయితే చిన్నప్పుడు చేద వేసి నీళ్లు తోడినవాళ్లకు ఇంకో సంగతి కూడా తెలుసు. సాయంత్రం ఇంటిల్లిపాదీ తోడాక చేదలో బురద తేలేది. ‘ఇక చాలు, ఊరనివ్వండి’ అని మా నాయనమ్మ బావి మీద చెక్క మూసేది. తెల్లారి చూస్తే నీరు రెండు వరలు పైకి వచ్చి, అడుగు కనిపించేంత తేటగా ఉండేది. రాత్రంతా ఆ బావి దగ్గర ఎవరూ ఏమీ చేయలేదు. ఊరనిచ్చారు, అంతే. ఏడ్చే బిడ్డను భుజాన వేసుకుని ‘ఊరుకో అమ్మా, ఊరుకో’ అంటాం చూడండి, ఆ మాట వింటే నాకు ఆ బావే గుర్తుకొస్తుంది. వ్యాకరణం ఒప్పుకుంటుందో లేదో, నా మనసు మాత్రం ఆ రెంటినీ కలిపేసుకుంది.

చెట్టు సంగతి చూడండి. పార్వతీపురం దగ్గర మా తమ్ముడికి మామిడితోట ఉంది. నవంబరు, డిసెంబరుల్లో వాడు తోటకు నీళ్లు కట్టడు. ఒకసారి నేను జాలిపడి, ‘చెట్లు ఎండిపోవా?’ అన్నాను. వాడు కొమ్మలు వంచి చూపించాడు. ఒక కొమ్మ చివర ఆకులు ముదిరి, నల్లపచ్చగా, కదలకుండా ఉన్నాయి. పక్క కొమ్మ ఎర్రటి లేత ఇగురు వేసింది. చూడ్డానికి ఇగురు వేసిన కొమ్మే ముచ్చటగా ఉంది. ‘అక్కయ్యా, ఈ చలికాలం ఇగిర్చిన కొమ్మ ఈ ఏడు పూయదు. ఏ కొమ్మయితే పెరగడం ఆపి ఊరుకుందో, దానికే పూత’ అన్నాడు. వాడు చెప్పింది తోట ఉన్న ప్రతి రైతుకూ తెలిసినదే. మామిడి కొమ్మ కొన్నాళ్లు ఎదుగుదల ఆపి ముదరాలి. దాని మీద చల్లటి రాత్రులు కొన్ని వారాలు పడాలి. అప్పుడు గాని ఆకుమొగ్గ కావలసినది పూమొగ్గ కాదు. వెచ్చగా ఉండి, నీళ్లు దండిగా దొరికితే, చెట్టు ఆకులు వేస్తూనే పోతుంది. మనం ఏప్రిల్‌లో తినే పండు డిసెంబరులో ఊరుకున్న కొమ్మది.

బెంగాల్‌లో ఈతచెట్టు గీసి రసం తీసేవాళ్లదీ ఇదే పద్ధతి. కొన్ని రోజులు గీసి, కొన్ని రోజులు చెట్టును వదిలేస్తారు. వదిలేసిన తర్వాత వచ్చే మొదటి రసమే చాలా తియ్యనిది, దానితో కాచిన బెల్లానికే పేరు. మన పక్క గజపతి జిల్లాలోనూ ఈతబెల్లం కాస్తారు. ఒడిశా ఈతబెల్లానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ నెలలో దొరికితే కొనండి, రాగి అంబలిలో చాలా బాగుంటుంది.

సరే, చెట్టుకు చెప్పినంత సులువుగా మనిషికి చెప్పలేం. చలికాలంలో ఇంట్లో విశ్రాంతి అనగానే కొందరు దుప్పటి కప్పుకుని పగలంతా పడుకోవడం అనుకుంటారు. మన ఆయుర్వేదం దానికి ఒప్పుకోదు. పగటినిద్ర ఎండాకాలానికి చెప్పారు. రాత్రి చిన్నది, ఒంట్లో నీరసం, అందుకని. హేమంతంలో పగటినిద్ర వద్దన్నారు. చలికి ఒంట్లో వేడి లోపలికి చేరి ఆకలి బాగా పెరుగుతుందనీ, రాత్రులు పొడవు కాబట్టి తెల్లారగానే ఆకలేస్తుందనీ చెప్పారు. ఒంటికి నూనె పట్టించి, నలుగు పెట్టుకుని, వేడినీళ్లు పోసుకుని, ఎండలో కూర్చోమన్నారు. నెయ్యి, నువ్వులు, కొత్తబియ్యం, చెరుకు, బెల్లం తినమన్నారు. చూడండి, ఇందులో ఒక్కటీ తొందరగా అయ్యే పని కాదు. నలుగు గబగబా పెట్టుకోలేం. కుంకుడుకాయ కొట్టి, నానబెట్టి, పిసికి నురగ తీయాలంటే దాని టైము దానికి ఇవ్వాలి. రాగులు, మన పల్లెల్లో చోళ్లు అంటాం, ఇక్కడివారు మాండియా అంటారు, వాటి పిండిని రాత్రి కలిపి పెడితే పొద్దుటికి పులిసి అంబలికి రుచి వస్తుంది. చలికాలం తిండిలో సగం రుచి నానడంలో, పులియడంలో ఉంది.

ఫోను చేతిలో పెట్టుకుని మంచం మీద వాలడాన్ని కూడా నేను విశ్రాంతి అనను. ఒళ్లు కదలదు, నిజమే. తల లోపల మాత్రం సంత జరుగుతూనే ఉంటుంది. పైగా రాత్రిపూట ఆ వెలుగు కళ్లలో పడితే ఇంకా పగలే అనుకుని ఒళ్లు నిద్రను వాయిదా వేస్తుంది. మా ఇంట్లో తొమ్మిదింటికి ఫోన్లు దేవుడి గూటి పక్కన ఉన్న గూట్లోకి వెళ్తాయి. మనవలు వచ్చినప్పుడూ అంతే.

ఇప్పుడు నాకు చాలా ముఖ్యమైన విషయానికి వస్తున్నాను. ఇంట్లో విశ్రాంతి అంటున్నాం కదా, ఎవరికి? ఇంట్లో నలుగురు కాళ్లు చాపుకుని ఎండలో కూర్చుంటే అయిదో మనిషి వంటింట్లో పకోడీలు వేస్తూ ఉంటుంది. చలికాలమంటే ఆవిడకు ఇంకో నాలుగు సార్లు టీ పెట్టడం, వేడినీళ్లు కాచడం, దుప్పట్లు ఉతకడం, తెల్లవారుజామున లేచి ముగ్గు వేయడం, పదిరకాల పిండివంటలు. నేను ముప్ఫై ఏళ్లు ఆ అయిదో మనిషిని. ఈ సభలో ఉన్న ఆడవాళ్లలో చాలామంది ఇప్పుడు కూడా అయిదో మనిషే.

మార్గశిర గురువారాల్లో మన ఒడియా ఇరుగుపొరుగుల ఇళ్లకు వెళ్లి ఉంటారు. వాకిలి అలికి, బియ్యప్పిండి నీళ్లతో లక్ష్మీపాదాలు వేసి, కొత్త వడ్లు మాణం అనే కొలపాత్రలో నింపి పూజ చేస్తారు. మనం మార్గశిర లక్ష్మీవారాలు చేసుకుంటాం. రోజు ఒకటే, దేవత ఒకటే. ఆ పూజలో వాళ్లు చదివే కథ నాకు చాలా ఇష్టం. లక్ష్మీదేవి ఒక చండాల స్త్రీ పూజకు మెచ్చి ఆమె ఇంట అడుగుపెడుతుంది. జగన్నాథుడి అన్నగారు బలభద్రుడు కోపించి ఆమెను గుడిలోకి రానివ్వవద్దంటాడు. భర్త జగన్నాథుడు తన అన్న మాట కాదనలేకపోతాడు. లక్ష్మి వెళ్లిపోతుంది. తర్వాత అన్నదమ్ములిద్దరికీ పన్నెండేళ్లు అన్నం పుట్టదు. ఇల్లిల్లూ తిరిగి చివరికి ఆమె గుమ్మంలోనే చేయి చాస్తారు. తిండి దగ్గర కులం ఎంచకూడదని మాట తీసుకున్నాకే ఆమె తిరిగి వస్తుంది. ఆ మాట చాలా గొప్పది. దానితోపాటు నాకు ఇంకొకటి కూడా వినిపిస్తుంది. లోకాలేలే ఇంట్లో కూడా, వంట ఎవరు చేస్తున్నారో ఆవిడ లేనిరోజు దాకా ఎవరూ చూడలేదు.

మూడేళ్ల కిందట నా జ్వరంతో మా ఇంట్లోనూ అందరూ చూడవలసి వచ్చింది. ఆ మూడు వారాల్లో మావారు పొయ్యి వెలిగించడం నేర్చుకున్నారు. నేను లేచాక కూడా పొద్దున కాఫీ ఆయనదే. మేము మాట్లాడుకుని కొన్ని మార్పులు చేసుకున్నాం. సంక్రాంతికి ఎనిమిది రకాలు మానేసి అరిసెలు, జంతికలు మాత్రమే. అవి కూడా కొడుకు, కోడలు, మనవలు విశాఖ నుంచి వచ్చాక, అందరం కూర్చుని చేస్తాం. పాకం నేను చూస్తాను, మా అబ్బాయి అరిసె ఒత్తుతాడు. మొదటి ఏడు అవి అరిసెల్లా లేవు. ఇప్పుడు బాగానే వస్తున్నాయి. పుష్యమాసంలో రాత్రికి ఒకటే వంటకం. పుష్యంలో పెళ్లి ముహూర్తాలు ఉండవు కదా, పిలుపులూ ప్రయాణాలూ తగ్గుతాయి. పెద్దలు ఏ కారణంతో పెట్టినా నేను దాన్ని ఇంటికి దొరికిన సెలవుగా తీసుకుంటాను. పశ్చిమ ఒడిశా పల్లెల్లో పుష్య పున్నమితో పాలేళ్ల ఏడాది ఒప్పందం ముగిసేది. వాళ్లు కూడా ఆ నాలుగు రోజులు తమ ఇంట తాము ఉండేవారు. పండుగ అంటే నాకు అదీ.

పాలేళ్ల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. మా ఇంట్లో అంట్లు తోమడానికి వచ్చే అమ్మాయి అప్పట్లో తెల్లవారుజామున అయిదున్నరకు వచ్చేది. ఎన్నో ఏళ్లుగా అదే టైము. ఆ చలికాలం, నేను కిటికీ దగ్గర కూర్చున్న ఒక రోజున, ఆమె నాకు మందు ఇస్తూ చేయి చాపింది. వేళ్ల కణుపుల మీద చర్మం పగిలి ఎర్రగా గీతలు, ఒక్కో గీతలో బూడిద దూరి నల్లబడింది. బొటనవేలి పక్కన రక్తం ఎండి ఉంది. ‘ఇదేమిటే?’ అంటే, ‘చన్నీళ్లు కదమ్మా, చలికాలం ఇంతే’ అంది. నేను ఆ చేతితో కడిగిన గ్లాసులోనే రోజూ వేడినీళ్లు తాగుతున్నాను. ఇంత సిగ్గు నాకు ఎప్పుడూ వేయలేదు. మర్నాటి నుంచి ఆమె ఎనిమిదింటికి, ఎండ వచ్చాక వస్తుంది. పెరట్లో ఒక బకెట్ గోరువెచ్చని నీళ్లు, తోమడానికి మెత్తని పీచు, వెళ్లేముందు చేతులకు కొబ్బరినూనె. దీనివల్ల మాకు పోయింది ఏమీ లేదు. రాత్రి అంట్లు పొద్దున ఎనిమిది దాకా సింకులో ఉంటాయి, అంతే. మీ ఇంటికి చీకట్లో, మంచులో నడిచి వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి రేపే టైము మార్చండి. మీ విశ్రాంతి ఆ తర్వాతే మొదలుపెట్టండి. ఇది నేను చేతులు జోడించి అడుగుతున్నాను.

పెద్దవారికి రెండు మాటలు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది. గుండెజబ్బు ఉన్నవారు తెల్లవారుజామున మంచులో నడకకు వెళ్లవద్దు. పొద్దెక్కాక వెళ్లండి, నడక ఎక్కడికీ పోదు. ఇంకా ముఖ్యమైనది కుంపటి. తలుపులు, కిటికీలు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోకండి. బొగ్గు సగం సగం కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు ఉండవలసిన చోటును అది ఆక్రమిస్తుంది, ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్న మనిషికి తెలియనే తెలియదు. ఏటా ఎక్కడో ఒక చోట కుటుంబానికి కుటుంబం అలా పోయిందని పేపర్లో చదువుతూనే ఉన్నాం. చలి కాచుకోవాలంటే వాకిట్లో, పదిమంది మధ్య కాచుకోండి. ఆ మంటలో టైరు ముక్కలు, ప్లాస్టిక్ సంచులు వేయకండి.

రాత్రి వెచ్చగా నిద్రపట్టాలంటే పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు వేడినీళ్లు పోసుకోండి. అది చలి పోగొట్టడానికే అనుకుంటాం. నిజానికి వేడినీళ్లకు రక్తం చర్మం పైకి వచ్చి లోపలి వేడిని బయటికి వదులుతుంది, ఒళ్లు లోపల చల్లబడుతుంది, అలా చల్లబడినప్పుడే నిద్ర వస్తుంది. తర్వాత బొంత కప్పుకోండి.

బొంత అన్నాను కదా, చివరగా దాన్ని మీకు చూపిద్దామని తెచ్చాను. మా అత్తగారు మొదలుపెట్టిన బొంత ఇది. లోపల నాలుగు పాత చీరలున్నాయి. పైన కనిపించే ఈ ఎరుపు కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్ ఊరి నేత, ఆల్ చెట్టు వేరుతో వేసిన రంగు. యాభై ఏళ్లయినా ఇంకా ఇలా ఉంది. ఆవిడ కుట్టు చూడండి, ఒక్కొక్కటి వడ్లగింజంత, వరస తప్పకుండా. ఇక్కడి దాకా ఆవిడది. ఇక్కడి నుంచి కుట్టు పెద్దదై వంకర పోయింది, అది నాది. ఆవిడ పోయాక ఇరవై ఏళ్లు ఈ బొంత ట్రంకు పెట్టెలో ఉంది, నాకు తీరిక లేక. ఇప్పుడు ఏటా ధనుర్మాసంలో బయటికి తీస్తాను. రోజుకు మూర పొడవున రెండు వరసలు కుడతాను, అంతకంటే ఎక్కువ కాదు. ఎండ ఆ గీత దాకా వచ్చినప్పుడు మొదలుపెట్టి, తప్పుకోగానే ఆపేస్తాను. బొంత కుట్టేటప్పుడు ఒక హాయి ఉంది. కుట్టిన భాగం ఒడిలో, కాళ్ల మీద పడి ఉంటుంది. ఇంకా పూర్తికాని బొంతే కుట్టే మనిషికి వెచ్చగా ఉంటుంది. పోయిన ఏడు మా మనవరాలు పక్కన కూర్చుని ఈ మూల నాలుగు కుట్లు వేసింది. ఇదిగో, ఈ పచ్చదారం. ఊడదీసి సరిగ్గా వేయనా అని మా కోడలు అడిగింది. ఉండనిమ్మన్నాను.

ఇప్పుడు మూడు ముప్పావు అయింది. ఈ హాలు గోడ పక్క నీడ వచ్చేసింది కానీ, వాకిట్లో అరుగు మీద ఎండ ఇంకో గంట ఉంటుంది. టీ కూడా అక్కడే పెట్టమన్నాను. మగపిల్లలు కాస్త కుర్చీలు బయటికి వేయండి నాయనా, పెద్దవాళ్లవి ముందు. అడగాలనుకున్నవి ఎండలో కూర్చుని అడగండి. సూదీ దారమూ తెచ్చాను, ఎవరైనా రెండు కుట్లు వేస్తామంటే బొంత ఇక్కడే ఉంది.